ఒక బర్రె, మూడు బిళ్లలు

పెంటయ్య పంపిన పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. "మన పైస గాదని పారవోస్తున్నవా?" అంది మా అత్త పుష్పమ్మ.

నిజమే, మన పైస కాదు. పెంటయ్య మా గౌలిపురా పాలవ్యాపారి. నేను గుమాస్తాగా ఉన్న ఫైనాన్సు కంపెనీకి బర్రెల అప్పుల దరఖాస్తులు తెచ్చే ఏజెంటు మా ఆయన ఆనందరావు. వాళ్ల దోస్తీ రోజూ ఉదయం చెంబెడు పాలై మా గడప దాటుతుంది. కాచేది నేను, మాడిన గిన్నె తోమేది నేను.

అప్పులిచ్చే సొమ్ము లండన్‌ది. దాని వెనకే ఈమధ్య పాఠాలూ వచ్చాయి. అప్పు అడిగినవారి నుంచి ఏదీ పుచ్చుకోకూడదు. పశువును కళ్లారా చూసి, నిజమే రాయాలి. వాటిని తెలుగు చేసి టైపు కొట్టింది నేనే. ఆ రోజు కూడా పెంటయ్య పాలతో చాయ్ తాగే ఆఫీసుకు వెళ్లాను.

"ఆడమనిషి చూసిందంటే లండనోళ్లు నమ్ముతరు" అని మేనేజరు వైకుంఠం తనిఖీ నాకు అంటగట్టాడు. జీతం పెంచలేదు. సోమవారం పెంటయ్య దొడ్లో కొమ్ము విరిగిన బర్రె. అప్పు గుర్తుగా చెవికి కంపెనీ ఇత్తడి బిళ్ల. మంగళవారం మాదన్నపేటలో చూపించిన బర్రెకూ కొమ్ము విరిగే ఉంది. ఉంటాయిలే అనుకున్నాను. బుధవారం దబీర్‌పురాలో, ఇళ్లలో అంట్లు తోమే రుక్మాబాయి పేరున చూపించిన బర్రెకూ అదే విరిగిన కొమ్ము. దాని చెవి పట్టుకున్నాను. బిళ్ల చుట్టూ రక్తం ఆరలేదు. పక్కన పసుపు అద్దిన రంధ్రాలు రెండు. బర్రె తల విదిలిస్తే నా చీర మీద ఎర్రటి చుక్కలు.

"రేషన్ కార్డని చెప్పి ముసలిదాంతో వేలిముద్ర ఏయించిన. వచ్చింది నేను, పెంటయ్య, మీ మేనేజరు పంచుకుంటం" అన్నాడు మా ఆయన నేనడిగితే, చాయ్ ఊదుకుంటూ. "నౌకరీ పెట్టించింది నేనే గదనే? తనిఖీ కాగితం మీద సంతకం గీకు."

మేనేజరైతే నవ్వాడు. "ఆ పాఠాలు లండనోళ్లు సదువుకోనీకె, నీలమ్మా. పెట్టకుంటే రేపటి సంది ఇంట్లనే కూసో."

ఇంట్లో కూర్చోవడం! ఏ ఇంట్లో ఏ ఆడది కూర్చుంది? సంతకం పెట్టాను.

మర్నాడు పాలు కాచలేదు. చెంబుతో దబీర్‌పురాకు నడిచాను. రుక్మాబాయి గుడిసె ముందు పశువును కట్టే గుంజ కూడా లేదు.

"తీసుకో అమ్మా, నీ బర్రె పాలు."

"నాకు బర్రేంది బిడ్డా?" బోసినోటితో నవ్వింది.

నవ్వు ఆగేదాకా ఆగాను. గడప మీద కూర్చుని అంతా చెప్పాను: వేలిముద్ర, బిళ్లలు, ఆమె నెత్తిన పడ్డ అప్పు, చివరికి నా సంతకం. ఆమె చెంబును నా వైపు జరిపింది.

"గిదంతా కోర్టుల చెప్తవా?"

చెప్తానన్నాను. ఆ మాటతో ఉద్యోగం, ఇల్లు రెండూ పోతాయని నాకు తెలుసు. మా ఇద్దరి మాటా ఎవరూ నమ్మరని ఆమెకు తెలుసు.