వెనక బెంచీ దాకా

పొద్దున్నే బడి నుంచి ఫోన్ వచ్చింది. లెక్కల టీచరుకు కాలు విరిగిందట, ఆమె కోలుకునేదాకా ఆ క్లాసులు చెప్పడానికి మనిషి కావాలి.

"రేపు రండి. ఒక్క పూట చూసి, బాగుంటే ఉంచుకుంటాం," అంది హెడ్మిస్ట్రెస్. "మొన్న వచ్చినావిడ గొంతు మూడో బెంచీ దాటలేదు. మధ్యాహ్నానికే పంపించేశాం."

పెళ్లికి ముందు పాఠాలు చెప్పినదాన్ని. ఇన్నేళ్లకు మళ్లీ పిలుపు వచ్చింది. హాల్లో ఉన్న ఇనప బీరువా తలుపునే బోర్డు చేసుకున్నాను. సుద్దముక్క బాగానే పడింది. అత్తయ్య బీన్స్ ఈనెలు తీస్తూ ఎదురుగా కూర్చుంది. భిన్నాల కూడిక మొత్తం చెప్పేశాను.

"అర్థమైందా అత్తయ్యా?"

"నాకే అర్థమైందంటే పిల్లలకు అవ్వదూ!"

ఇద్దరం సంతోషించాం. ఆవిడ బీన్స్ కడగడానికి వంటింట్లోకి వెళ్లి, అక్కణ్నుంచి ఏదో అంది. నాకు వినపడలేదు. నేనేదో అన్నాను. ఆవిడకూ వినపడలేదు. గుమ్మం దగ్గరికొచ్చి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

పాఠమంతా గుసగుసగా చెప్పాను.

మా ఆయనది ప్రెస్సులో రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ గిన్నె మీద మూత కూడా చప్పుడు లేకుండా పెడుతున్నాం. అత్తాకోడళ్లం పోట్లాడుకున్నా గుసగుసలే. గోడలకు చెవులుంటాయంటారు గానీ, మా ఇంటి గోడలకు ఆ పని ఎప్పుడూ పడలేదు.

అత్తయ్య వంటింటి చివర పీట వేసుకుంది. "ఇది వెనక బెంచీ. మళ్లీ చెప్పు."

"ఆయన లేస్తారు."

"లేస్తే లేస్తాడు. రేపు మధ్యాహ్నానికే ఇంటికొచ్చి కూర్చుంటావా?"

మొదలుపెట్టాను. గొంతు పీలగా వచ్చింది.

"చీమ దగ్గినట్టుంది!"

పౌరుషం పొడుచుకొచ్చింది. "కింద అంకెలు వేరుగా ఉంటే నేరుగా కూడకూడదు!"

కిటికీ మీది పిట్ట ఎగిరిపోయింది. పడకగది తలుపు ధడాలున తెరుచుకుంది. మా ఆయన రేగిన జుట్టుతో బయటికొచ్చారు. "ఏమైంది? ఎవరికేమైంది? ఎందుకలా..."

"మాట్లాడాలంటే చెయ్యెత్తాలి," అన్నాను, సుద్దముక్క ఆయన వైపు చూపిస్తూ.

అనేశాక గబుక్కున సుద్దముక్క దించేశాను. ఆయన నన్ను చూశారు, బీరువాను చూశారు. మెల్లగా చెయ్యెత్తారు.

"వెళ్లి పడుకోవచ్చా టీచర్?"

"ఈ లెక్క అయ్యాక."

"వాణ్ని ముందు బెంచీలో కూర్చోబెట్టు!" వంటింటి చివర నుంచి అత్తయ్య అరిచింది. "చిన్నప్పుడు లెక్కలంటే చాలు, వాడికి కడుపునొప్పి వచ్చేది!"

ఆయన బీరువా ముందు చతికిలబడ్డారు. నేను పక్కకు జరిగి రెండో లెక్క వేశాను.