ఏడుగురికి సెలవు

తనిఖీకి ముందురోజు మధ్యాహ్నం పెద్ద టీచరు మూడో తరగతి టీచరును తన గదికి పిలిచి, తలుపు చేరవేసి, ఒక చీటీ చేతిలో పెట్టింది. అందులో ఏడు పేర్లున్నాయి.

"రేపు వీళ్ళు బడికి రాకుండా చూడమ్మా," అంది.

చీటీ చదవకముందే టీచరుకు ఆ పేర్లు తెలిసిపోయాయి. పుస్తకం తెరిస్తే చాలు బిక్కమొహం వేసే పిల్లలు వాళ్ళు. ఒకే గదిలో యాభై నాలుగు మంది. చురుకైనవాళ్ళతో బండి లాగించేస్తూ, ఈ ఏడుగురి సంగతి రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూనే నెలలు గడిపేసింది.

"పాపం కదా మేడమ్?"

"పాపమే. పోయినేడాది తనిఖీలో మనకి ఏ గ్రేడొచ్చిందో మర్చిపోయావా? ఈసారీ అదే వస్తే బడి ఎత్తేసి అవతలి బళ్ళో కలిపేస్తారు. పెద్ద రోడ్డు దాటి అరగంట నడవాలి. అప్పుడు ముందు చదువు మానేసేది ఈ ఏడుగురే. నేనేమన్నా సరదాకి చెప్తున్నానా?"

పెద్ద టీచరు చెడ్డ మనిషేం కాదు. సెలవుల్లో కూడా వచ్చి, దగ్గరుండి గోడలకు సున్నం వేయించిన మనిషి. ఆ మాటల్లో న్యాయం ఎంత, భయం ఎంత అని తూచే ఓపిక టీచరుకు లేకపోయింది. సరేనంది.

సాయంత్రం గంట కొట్టాక ఏడుగుర్నీ పక్కకు పిలిచింది. "రేపు మీకు సెలవు. ఇంట్లో చెప్పండి."

వాళ్ళలో ఒక పిల్లను అందరూ వసపిట్ట అంటారు. నోరు తెరిచిందంటే ఆగదు. అక్షరాలు మాత్రం దాని కంటికి చీమల బారులే.

"అందరికీనా టీచర్?"

"కాదు. మీకే."

వసపిట్ట కళ్ళు చింతకాయలంత చేసుకుంది. "మేం బాగా చదివామా?"

టీచరు తల దించుకుంది. దాన్నే అవుననుకుని ఏడుగురూ ఎగిరి గంతేసి పరుగెత్తారు.

మరునాడు పొద్దున బడి గేటు దగ్గర వసపిట్ట తల్లి నిలబడి ఉంది. ఆమె చొక్కాలు కుట్టే కంపెనీలో ఇస్త్రీ పని చేస్తుంది. డ్యూటీకి ఆలస్యమవుతున్నా ముఖం వెలిగిపోతోంది.

"మా పిల్లకి బహుమానంగా సెలవిచ్చారంట కదా టీచర్ గారూ! రాత్రంతా అదే పాట. దీన్ని మెచ్చుకున్నవాళ్ళు మీరొక్కరేనమ్మా. కానీ ఇంట్లో ఎవరూ ఉండరు. సెలవైనా మీ దగ్గరే ఓ మూల కూర్చోబెట్టుకోరూ?"

టీచరు తలూపింది. తల్లి దండం పెట్టి గబగబా వెళ్ళిపోయింది.

పిల్లను చూడగానే పెద్ద టీచరు మొహం మాడిపోయింది. "సామాన్ల గదిలో కూర్చోబెట్టు. ఒక్క గంట."

"సామాన్ల గదిలో పెట్టడానికి అదేం విరిగిన బల్లా మేడమ్?" అనేసింది టీచరు. తన నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది.

తనిఖీ అధికారి పెద్దాయన. నెమ్మదిగా మాట్లాడతాడు. ఇద్దరు ముగ్గురి చేత చదివించాడు. గడగడా చదివారు. ఇంకెవరు చదువుతారని అడిగితే, అందరికంటే ముందు వసపిట్ట చెయ్యెత్తింది.

పుస్తకం అందుకుని, పేజీలో ఉన్న బొమ్మ చూసి మొదలుపెట్టింది. పడవలో ఒక తాత, ఆయనకో మేక, ఆ మేకకు నీళ్ళంటే భయం. కథ చక్కగా సాగుతోంది. పుస్తకంలో మాత్రం అందులో ఒక్క ముక్కా లేదు. వెనక బల్లల్లో కిసుక్కుమని నవ్వులు. అధికారి నవ్వలేదు. చివరిదాకా విన్నాడు.

"కథ బాగుందమ్మా," అని, పేజీలో మొదటి మాట మీద వేలు పెట్టాడు. "ఇదేంటో చెప్పు?"

పిల్ల ఆ మాటను చూసింది. తర్వాత టీచరు వైపు చూసింది. ఎప్పుడూ ఆగని ఆ నోరు ఆగిపోయింది.

ఆయన హాజరు పట్టీ తిరగేశాడు. "ఆరుగురు రాలేదే?"

"జ్వరాలండీ," అంది పెద్ద టీచరు.

"జ్వరాలు కావండీ." మూడో తరగతి టీచరు ముందుకొచ్చింది. "వాళ్ళకీ చదవడం రాదు. రావద్దని చెప్పింది నేనే. నేర్పనిదీ నేనే."

పెద్ద టీచరు కిటికీ వైపు తిరిగిపోయింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, చాలాసేపు ఏదో రాసుకున్నాడు.

ఆ సాయంత్రం టీచరు ఏడిళ్ళకూ నడిచివెళ్ళి నిజం చెప్పింది. ఒక తండ్రి మొహం మీదే తలుపేశాడు. ఒక అమ్మమ్మ, "మా వాడికి బుర్ర లేదులే అమ్మా," అని తనే ఓదార్చబోయింది. ఆ ఓదార్పు తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

అన్నిటికన్నా ఆఖర్న వసపిట్ట ఇంటికి వెళ్ళింది. తల్లి అంతా విని, చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"అయితే అది బహుమానం కాదన్నమాట."

"కాదమ్మా."

"నాకు చదువు లేదు. పొద్దున్నే పుస్తకం పట్టుకుని గడగడా చెప్తుంటే చదువుతోందనే అనుకున్నా. నాకు తెలీదు. మీకు తెలుసు కదా టీచర్ గారూ?"

"తెలుసు."

ఆమె తిట్టలేదు. కూర్చోమనీ అనలేదు. "రేపట్నుంచి పెందలాడే పంపించనా?" అని మాత్రం అడిగింది.

"పంపమ్మా. బడి గంట కొట్టకముందే వస్తాను," అంది టీచరు.

బడికి కిందటేడాది గ్రేడే వచ్చింది. టీచరును సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఇంత మందికి ఒక్క టీచరు చాలదని, బడిని మాత్రం కదపవద్దని పెద్దాయన రాశాడట. బడి కదల్లేదు. రెండో టీచరూ రాలేదు. పెద్ద టీచరు రెండు నెలలు ఆమెతో ముభావంగానే ఉంది. ఒకరోజు పొద్దున మాత్రం, ఏమీ మాట్లాడకుండా స్టూలు లాక్కుని వచ్చి, ఆ ఏడుగురిలో ఇద్దర్ని తన ముందు కూర్చోబెట్టుకుంది.

ఏడాది ముగిసేసరికి నలుగురు చదవగలిగారు. ఇద్దరు కూడబలుక్కుంటున్నారు. తలుపేసిన తండ్రి కొడుకు మళ్ళీ బడికి రాలేదు. టీచరు ఇంకో మూడుసార్లు వెళ్ళింది. మూడుసార్లూ ఆ ఇంటికి తాళం వేసి ఉంది.