కదలని గీత

దోర్కాస్ గుమ్మం దగ్గర చేట ముందు పెట్టుకుని జీడిపప్పు పొట్టు వలుస్తోంది. పక్కన కొడుక్కి కలిపి ఉంచిన చద్దన్నం, దాని మీద మూత, మూత మీద ఉల్లిపాయ.

ఫిన్నీ ఇంకా లేవలేదు. లేచాక ఆ అన్నం ముట్టకుండా ఆసుపత్రికి వెళితే రక్తం తీసి పరీక్ష చేస్తారు. నర్సు పరగడుపునే రమ్మంది. పిలిచిన ప్రతిసారీ వాడు ముందు కంచం ఖాళీ చేసి, "తినీసేను కదా, ఇంకేటి ఎల్తాను" అని నవ్వేవాడు. వాళ్ళ నాన్న కాలేబు కూడా అలాగే నవ్వి తప్పించుకునేవాడు. కిడ్నీల సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. అన్నం కలపొద్దని కూతురు ఎన్నిసార్లు చెప్పినా దోర్కాస్ చెయ్యి ఆగదు. పరీక్ష చేస్తే ఏం తేలుతుందోనని ఆమెకూ భయమే.

కూతురు ఇవాంజెలిన్ ముందు గదిలో కంప్యూటరు దగ్గర ఉంది. ఉద్దానం ఊళ్ళలో ఎవరింట్లో ఎవరికి ఈ జబ్బు వచ్చిందో సర్వేవాళ్ళు అడిగి రాసుకొస్తే, ఆమె వంశవృక్షాలు గీస్తుంది. మగవాళ్ళకి చదరపు గడి, ఆడవాళ్ళకి సున్న, పోయినవాళ్ళ మీద ఏటవాలు గీత. గీసే ప్రోగ్రాము ఉచితం. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, బాగులేనిది ఏదైనా ఉంటే తయారుచేసినవాళ్ళకి రాయొచ్చు. తెలుగు వత్తులు విడిపోతున్నాయని ఆమె కాశీబుగ్గ నెట్ సెంటరు నుంచి రాస్తే, తరవాతి వెర్షన్‌లో సరిచేసి, తప్పు చెప్పినవాళ్ళలో ఆమె పేరూ వేశారు. ఆ రోజు ఆమె తన పేరు స్క్రీను మీద చాలాసేపు చూసుకుంది.

ఇవాళ గీస్తున్నది సొంత ఇంటిది. సర్వే అబ్బాయి దాన్ని తప్పు రాసుకెళ్ళాడు. వేరే జిల్లావాడు. "మీ ఆయనో?" అని అడిగితే దోర్కాస్, పోయినవాళ్ళని చర్చి సంఘంలో అందరూ అన్నట్టే, "నిద్రించారు" అంది. అతను లోపలి గదివైపు చూసి గొంతు తగ్గించాడు. "లేచాక మళ్ళీ వస్తాలెండి."

కాలేబుని బతికున్నవాళ్ళలో రాసుకుని వెళ్ళిపోయాడు. దోర్కాస్ అతన్ని వెనక్కి పిలవలేదు. ఆనాటి నుంచి, కాలేబు వచ్చే పెరటి తలుపు గడియ వెయ్యడం మానేసింది.

ఇవాంజెలిన్ తండ్రి గడి మీద గీత గీసింది. అడుగున గుర్తుల వివరం రాయడానికి చోటు చాలక వరసలన్నీ ఒక మెట్టు పైకి జరిపింది. తండ్రి గడి పైకి వెళ్ళింది. దాని చోటులోకి ఫిన్నీ గడి వచ్చింది. గీత మాత్రం కదలలేదు.

"ఏటప్పా, నా మీద గీతెట్టీసేవు? పాస్టరు గారికి కబురెట్టీసేవేటి?"

ఫిన్నీ కళ్ళు నులుముకుంటూ అక్క వెనక నిలబడి ఉన్నాడు. గుమ్మం దగ్గర పొట్టు వలిచే చప్పుడు ఆగిపోయింది.

"నీది కాదురా, నాన్నది. గడి జరిపితే గీత కూడా రానేదు."

ఆమె గీతను పట్టి తండ్రి మీదకు చేర్చింది.

"మళ్ళీ జరుపు, సూత్తాను."

జరిపింది. గీత మళ్ళీ వాడి మీదే నిలిచింది.

"రెండూ కలిపి కట్టీలేవా?"

"కట్టొచ్చు. కడితే మనల్నీ నాన్ననీ కలిపిన గీతలు ఊడిపోతన్నాయి."

ఫిన్నీ నవ్వబోయి మానేశాడు. "మరి ఆ ప్రోగ్రాము దొరలకి రాయనేదా?"

"రాసినాను. ఆ గీత ఎందుకు, గడికి అంటుకునే ఉండాలని ఎందుకు అంటన్నావని అడిగినారు. జవాబు రాస్తన్నాను."

"ఏటని? తెలుగులో సెప్పు."

ఆమె తను రాసుకున్న ఇంగ్లీషు చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"మా ఊళ్ళలో ఈ గీత పోయినవాళ్ళది. వాళ్ళని పక్కకి జరిపినప్పుడు అది కూడా వాళ్ళతో వెళ్ళిపోవాలి. ఉన్నవాళ్ళ మీద మిగిలిపోకూడదు."

పెరటి తలుపు గాలికి కొద్దిగా తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. ముగ్గురూ అటే చూశారు.

ఫిన్నీ వెళ్ళి మొహం కడుక్కొచ్చాడు. దోర్కాస్ మూత తీసి కంచం ముందుకు జరిపింది. వాడు వంగి, మూత మళ్ళీ పెట్టి, ఉల్లిపాయను మూత మీద పెట్టాడు. మేకుకున్న చొక్కా తీసి తొడుక్కుని, పరగడుపునే పెరటి తలుపులోంచి వెళ్ళిపోయాడు.