నలుపు పూయని పేరు

ఒత్తులు తప్పుగా పడితే మన్నించండి. యాభై దాటాక చర్చిలో పాస్టరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. ఈ కొంచెం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

మూడేళ్ల కింద ఒక పొద్దు జొన్నరొట్టె తడుతున్నాను. మా ఆయన ఏసేపు ఒక కాగితం తెచ్చి "ఈడ ఏలు వెయ్యి" అన్నాడు. ఏమిటని అడిగాను. "చెప్తే నీకు అర్థమైతాదా? రొట్టె మాడుతాండాది, చూడు" అన్నాడు. పిండి చేత్తోనే వేశాను. ముప్పై ఏళ్లుగా రేషన్‌కైనా, భూమికైనా ఆయన చూపించిన చోటల్లా వేస్తూనే ఉన్నాను.

నెల తిరగకముందే కంకర మిషను దారిలో లారీ గుద్ది ఆయన పోయాడు. ప్రమాదమని రాసుకున్నారు. మిషను దుమ్ము చేను కప్పేస్తోందని గొడవపడినందుకు ఆయనను ఎవరో బెదిరించారని, దాని మీద స్టేషన్‌లో ఫిర్యాదు ఉందని శవం దగ్గరే విన్నాను. ఆ బెదిరించినవాడి పేరు నా కళ్లతో చదవాలనే అక్షరాలు నేర్చుకున్నాను. సమాచార హక్కు దరఖాస్తు నేనే రాశాను. మరిది ప్రేమయ్య నవ్వాడు: "వదినా, సంతకం వస్తానే కలెక్టరైపోతావా?"

మూడు నెలలకు ఆఫీసులో ఆ ఫిర్యాదు నకలు ఇచ్చారు. బెదిరించినవాడి పేరు ఉండాల్సిన చోట నలుపు. సాక్షుల పేర్లు, విచారించినవాళ్ల పేర్లు, అంతా నలుపే.

"బయటపెడితే వాళ్ల ప్రాణానికి ముప్పమ్మా. చట్టం" అన్నాడు గుమాస్తా.

ఆ మాటలో న్యాయముందనిపించింది. సాక్షులకూ పిల్లలుంటారు. కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాను. అక్కడ నలుపు లేదు. ఫిర్యాదు చేసినవారు: ప్రేమమ్మ. ఇంటి నంబరు, వీధి. కింద వేలిముద్ర. దాని నడిమధ్య తెల్లటి మచ్చ. పిండి అంటుకున్న చోటు. ఆడమనిషి పేరు మీదుంటే వాళ్లు ఏమీ చేయరనుకున్నాడేమో మా ఆయన. నన్ను మాత్రం అడగలేదు.

"నా పేరు ఎందుకు కొట్టేయలేదప్పా?"

"నీ పేరు నీకు తెలియందా?"

"ఇది ఇంకెవరికన్నా ఇచ్చినారా?"

"అడిగినోళ్లకు ఇయ్యాల కదమ్మా. నీకంటే ముందే ఒకాయన ఇదే తీసకపోయినాడు."

"ఎవరు?"

"ఆ పేరు చెప్పకూడదు."

ఇంటికొచ్చి గుడ్డలు మూట కట్టుకున్నాను. ఎక్కడికని ప్రేమయ్య అడిగాడు. చెప్పలేదు.

నా పేరు ప్రేమమ్మ. వయసు యాభై నాలుగు. ఇప్పుడు ఉంటున్న ఊరి పేరు ఒత్తులు తప్పకుండా ఇక్కడే రాశాను. సిరా ఆరాక, దాని మీద నేనే నలుపు పూశాను.