రాజలింగు గురువు కార్డు

తాపీ మేస్త్రి రాజలింగుకు తాపీ చేతిలోనే ఉంటుంది, మనసులో ఉండదు. ఎవరన్నా నవ్వితే ఎందుకు నవ్విండని అనుమానం, నవ్వకుంటే ఏం దాస్తున్నడని అనుమానం. నిజామాబాద్‌లో సగం గల్లీల గోడలు ఆయన చేతివే. ఇప్పుడు మోకాళ్లు పరంజా ఎక్కనిస్తలేవు. గోడ కట్టేటోని గోడు గోడకే చెప్పుకోవాలాయె.

అట్లాంటప్పుడు బోధన్‌లో కొత్తగా పెట్టిన ట్రైనింగ్ సెంటర్ ఆశ చూపింది. గురువు కార్డు సంపాదించిన మేస్త్రికి కుర్చీలో కూర్చుని పని నేర్పే కొలువట. బోధన్‌లో బోధన! మోకాళ్లకు అంతకంటే మోక్షమేముంటుంది? మెలిక ఒక్కటే. పరీక్షలో గోడ గురువు కట్టకూడదు, శిష్యులు కట్టాలి. గోడ కుదిరితే వాళ్లకు మేస్త్రి కార్డు, ఆయనకు గురువు కార్డు. గురువు దూరంగా నోరు మూసుకుని నిలబడాలి.

రాజలింగుకున్న ఒక్క శిష్యురాలు వినీత. ఇద్దరు పిల్లల తల్లి, బీడీలు చుట్టి చుట్టి విసిగి ఈ పనికొచ్చింది. ఆ వేళ్లకు ఇటుక కూడా ఇట్టే లొంగేది. కానీ ప్రతిదానికీ "ఎందుకన్నా?" అని అడిగేది. అదొక అనుమానం. పైగా పాత పోటీగాడు లక్ష్మీరాజం మేస్త్రితో ఆమె కూలీల అడ్డా మీద మాట్లాడుతుంటే రాజలింగు కండ్లారా చూసిండు. ఇంకేముంది, గూఢచారి! ఈడ నేర్చుకుని ఆడ ఒప్పజెప్తది.

అందుకే ఆమెకు చెప్పకుండ ఒక్కటి దాచిండు. లెవెల్ పైపు సంగతి. అద్దంలాంటి సన్నటి పైపులో నీళ్లు నింపి, రెండు చివర్లు రెండు మూలల దగ్గర పడితే నీళ్లు రెండు దిక్కులా ఒకే ఎత్తున నిలుస్తాయి. అక్కడ గీత గీస్తే గోడకు మట్టం దొరుకుతుంది. లోపల గాలి బుడగ చిక్కిందో, మట్టం మట్టిలో కలిసినట్టే. ఆ బుడగను ఎట్ల వెళ్లగొట్టాలో మాత్రం చెప్పలేదు. పైపు నింపే వేళకల్లా "వినీతా, చాయ్ పట్కరాపో" అనేవాడు. చాయ్ పేరు చెప్పి ఆమెను ఆ ఛాయలకే రానీయలేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. పరీక్ష పెట్టే సారు చక్రవర్తి, కాలువ కింద చెరకు పండించే ఆంధ్రోళ్ల ఇంటి అబ్బాయి. పేరుకే చక్రవర్తి, స్కూటీ మీదొచ్చిండు, ఉన్నవి రెండే చక్రాలు. నవ్వుకుంటూ దిగిండు. ఎందుకు నవ్విండు?

"మేస్త్రి గారూ, మీరు ఆ గేటు దగ్గరే నిలబడండి. సైగలు కూడా చెయ్యకూడదండోయ్."

వినీత పైపు నింపింది. దాని నడుమ శనగ గింజంత బుడగ మిలమిలా మెరిసింది. తాను దాచింది అప్పుడు గుర్తొచ్చి రాజలింగు సైగకు లేపిన చెయ్యిని మళ్ల దించిండు. కుర్చీ, కొలువు, మోకాళ్ల సుఖం అన్నీ ఆ బుడగతోనే ఊగుతున్నాయి.

గీత గీయబోయిన వినీత ఆగింది. పైపును ఎండకెత్తి చూసింది. వేలితో టకటకా కొడుతూ బుడగను చివరిదాకా నడిపించి బయటికి తోలింది. పోయినన్ని నీళ్లు మళ్ల పోసింది.

రాజలింగు గుండె ముందు చల్లబడింది, వెంటనే మండింది. గిది ఎవరు నేర్పిండ్రు? ఇంకెవరు, లక్ష్మీరాజమే!

గోడ లేచింది. సారు కొలిచి చూసి, వినీతను పక్కకు పిలిచి ఏదో అడిగిండు. ఆమె రాజలింగు దిక్కు చెయ్యి చూపి ఏదో చెప్పింది. అయిపాయె, గుట్టు రట్టాయె!

చక్రవర్తి దగ్గరికొచ్చిండు. "బ్రహ్మాండం అండీ. ఆ బుడగ ఎంత ఒడుపుగా తీసిందో! బాగా నేర్పారు."

బాగా నేర్పారా? ఇది ఉచ్చే. అన్నీ తెలిసే అంటున్నడు. అబద్ధమాడితే కార్డు ఈ జన్మల రాదు.

"సార్, నాతోని నాటకాలొద్దు. గది నేను నేర్పలే. దాసిపెట్టిన. లక్ష్మీరాజం నేర్పిండు. మీకెర్కనే గద!"

సారు మొహంలో నవ్వు ఆరిపోయింది. "నాకేం తెలీదండీ. అన్నీ మా మేస్త్రే నేర్పిండని ఆవిడ ఇప్పుడే చెప్పింది."

రాజలింగు నోరు మూతి విప్పిన సిమెంటు బస్తా అయింది.

వినీతకు మేస్త్రి కార్డు ఖాయమైంది. రాజలింగుకు మాత్రం సారు తల అడ్డంగా ఊపిండు. "పని దాచుకునే వాళ్లని గురువుగా ఎలా కూర్చోబెట్టనండీ? వచ్చే బ్యాచ్‌కి ఇంకొకరికి మొత్తం నేర్పి తీసుకురండి."

ఇద్దరూ బస్టాండ్‌కు నడిచిండ్రు. బస్సు కోసం నిలబడ్డంక రాజలింగు ఆగలేకపోయిండు.

"లక్ష్మీరాజం దగ్గరికెందుకు పోయినవ్?"

"నువ్వు చెప్పకపోతివి. ఆయన్ని అడిగిన, చెప్పిండు. గంతేగాదు, నీకంటే మంచిగ నవ్వుతడు."

"మరి సారుతోని నా పేరెందుకు చెప్పినవ్?"

వినీత మాట మార్చింది. "మా ఆడబిడ్డ నిఖిత పని నేర్చుకుంటనంటున్నదన్నా. పంపాల్నా? వచ్చేసారి నీకు కార్డొస్తది."

"నాకు కార్డొస్తే నీకేం లాభం?" అని రాజలింగు కండ్లు చిన్నగ చేసిండు. "నిజం చెప్పు."

"నువ్వు బోధన్‌ల కుర్చీల కూసుంటే నిజామాబాద్‌ల నీ గిరాకీ ఎవరికొస్తది? నాకే గద! గందుకే నీ పేరు చెప్పిన. నువ్వే చెడగొట్టుకుంటివి."

రాజలింగు ఆమెను పైనుంచి కింది దాకా చూసిండు. ఇన్ని దినాల్లో ఆయనకు నమ్మబుద్ధయిన మాట ఇదొక్కటే.

"గిట్ల ముందుగాల చెప్పద్దా! వట్టిగనే నిన్ను అనుమానిస్తి," అని బస్సెక్కి, పక్క సీటు మీద తువ్వాల వేసి ఆమె కోసం ఆపిండు. "రేపు పొద్దుగాల్నే పంపు మీ ఆడబిడ్డను."