సాక్షి ముక్కలు

ఆరో కుట్టు బిగించగానే ప్యాచ్ చిరిగిపోయింది.

చప్పుడేమీ లేదు. పెద్ద డాక్టరు సూది లాగారు. దారం వచ్చేసింది, దాంతోపాటు తెల్లటి అంచు కూడా వచ్చేసింది. బల్ల మీద పదకొండు నెలల పాప. గుండె ఆపి ఉంది. పక్కనున్న పంపు పాప బదులు రక్తాన్ని తిప్పుతోంది. గుండె కింది గదుల మధ్య పుట్టుకతో వచ్చిన రంధ్రం నా బొటనవేలి గోరంత ఉంది. దాన్ని మూయాల్సిన ప్యాచ్ డాక్టరు గారి పట్టకారుకి వేలాడుతోంది.

"ఏంటమ్మా ఇది," అన్నారు ఆయన నా వైపు తిరక్కుండానే. "గుండెకి వేసేది ఇమ్మంటే గాలిపటానికి అంటించేది ఇచ్చావా?"

ఆ ప్యాచ్ తయారుచేసే ల్యాబ్ నాది. ఇరవై వేల వోల్టుల కరెంటు పెట్టిన సూదిలోంచి ద్రావణాన్ని చిమ్మి, తిరిగే స్టీలు డ్రమ్ము మీద రేకులా నేస్తాం. ఒక్కో పోగు తలవెంట్రుకలో వందో వంతు కూడా ఉండదు. ఆ పోగుల మీదికి పాప సొంత కణాలు పాకుతాయి, పాపతో పాటు గుండె గోడ పెరుగుతుంది. ఈ పాపకి ఇంకో దారి కూడా లేదు. పోయినసారి వేసిన మామూలు ప్యాచ్ చీము పట్టి పీకేయాల్సి వచ్చింది. గుండె చుట్టూ ఉండే సొంత పొర అప్పుడే వాడేశారు.

"టైమెంత?" అన్నారు డాక్టరు.

"నలభై మూడు నిమిషాలు," అంది పంపు దగ్గరున్నావిడ. "తొంభై దాటితే మళ్లీ కొట్టుకుంటుందని నేను మాటివ్వలేను సర్. ఇప్పుడే చెప్తున్నా, తర్వాత నన్ననకండి."

బల్లకి అవతల అసిస్టెంట్‌గా నిలబడ్డవాడు మా అన్నయ్య. ఆసుపత్రికీ మా ల్యాబ్‌కీ మధ్య వంతెన లాంటివాడు. ఈ ప్యాచ్ ఆలోచన మొదట వాడిదే, త్వరగా పిల్లలకి వెయ్యాలని తొందరపెట్టిందీ వాడే.

"నా గ్లవ్‌కి సూది దిగింది సర్," అన్నాడు. "మళ్లీ చేతులు కడుక్కుని వస్తాను."

"ఈలోపు పాపకి పెళ్లి వయసొచ్చేలా చెయ్యకు. పో."

వాడు వెళ్లాడు. వాడు పట్టుకున్న పరికరాన్ని నర్సక్క అందుకుంది.

నేను చిరిగిన ముక్క తీసుకుని పక్కగదిలోకి పరుగెత్తాను. అక్కడ లాగి చూసే చిన్న మిషన్ ఉంది. బిగించి మీట నొక్కాను. తట్టుకోవాల్సిన బలంలో మూడో వంతుకే తెగింది. మైక్రోస్కోపు కింద పెడితే పోగులు విడివిడిగా లేవు, కరిగిన మైనంలా ఒకదానికొకటి అతుక్కున్నాయి. రేకు సరిగ్గా ఆరకపోతే అలా అవుతుంది. రెండు రోజులు గాలి తీసేసిన ఓవెన్‌లో ఉంచితే తప్ప ద్రావణం పూర్తిగా వదలదు.

గోడ మీది ఫోనెత్తి కింద ల్యాబ్‌కి చేశాను. ఎత్తింది మామయ్య. నాకే కాదు, ఆ బిల్డింగులో అందరికీ మామయ్యే. ముప్పై ఏళ్లుగా మిషన్లతో ఉన్నాడు. రేకు కోసిన ప్రతిసారీ మూల నుంచి వేలెడంత ముక్క కోసి, తేదీ వేసి, డబ్బాలో దాస్తాడు. రేపు ఏదైనా తేడా వస్తే అదే సాక్షి అంటాడు. ఎవరూ ఆయనకి ఆ పని చెప్పలేదు.

"మామయ్యా, ప్యాచ్ చిరిగింది. గురువారం రేకు."

"చిరగదా మరి." ఆయన గొంతులో కంగారు లేదు, కోపం ఉంది. "దాని మొహం చూసినప్పుడే నాకు నచ్చలేదు. రిజిస్టర్లో నలభై ఎనిమిది గంటలని రాసుంది. ఇందాకే ఓవెన్ మీటర్ చూస్తే పది గంటలకే ఆపేశారు. నువ్వేమో ఊళ్లో లేవు."

"ఎవరాపారు?"

"ఆ రాత ఎవరిదో చూసే చెప్తాను, ఆగు. మన ప్యాచ్ పరీక్షకి వేసిన గొర్రెపిల్ల చచ్చిపోయిందే, ఆ రేకు సాక్షి ముక్క కూడా తీసి పెట్టాను. అదీ ఇలాగే... ఎవరది? షూ కవర్లేవయ్యా? ఏయ్..."

ఫోన్లో ఏదో మెత్తటిదాన్ని బలంగా కొట్టిన చప్పుడు. ఆ తర్వాత ఇంకొకటి. మూడోది తడిగా వినిపించింది.

లిఫ్టు కోసం ఆగలేదు. మూడేసి మెట్లు దూకుతూ దిగాను.

ల్యాబ్ బయటి గదిలో ఎవరూ లేరు. అద్దం అవతల, శుభ్రగదిలో, తల నుంచి పాదాల దాకా తెల్ల సూటు వేసుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. ముసుగు, కళ్లద్దాలు, మాస్కు. ఆ సూటు వేసుకుంటే ఎవరైనా ఒకేలా ఉంటారు. అతని చేతిలో డ్రమ్ము ఇరుసు ఉంది, గజం పొడవున్న స్టీలు కడ్డీ. దాని చివర నుంచి ఎర్రగా కారుతోంది. మామయ్య బల్ల కింద బోర్లా పడి ఉన్నాడు. తల వెనక భాగం ఉండాల్సినట్టు లేదు.

నేను సూటు వేసుకోకుండానే లోపలికి తోసుకెళ్లాను. ఆ గదిలో అది నేరం. ఆ రోజు అంతకంటే పెద్ద నేరం ముందే జరిగిపోయింది.

అతను సాక్షి ముక్కల డబ్బా తెరిచి, ద్రావణం ఉన్న గాజు తొట్టెలో గుమ్మరిస్తున్నాడు. ఐదేళ్ల ముక్కలు. ఒక్కొక్కటీ మెలికలు తిరిగి, జిగురై, మాయమైపోతోంది. పక్కనే చించిన ప్యాచ్ కవర్ల కుప్ప. నన్ను చూడగానే కడ్డీ విసిరాడు. భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నొప్పి కంటే ముందు వచ్చింది.

కింద పడుతూ ద్రావణం సీసా అందుకుని అతని మొహం కేసి కొట్టాను. సీసా కళ్లద్దాల మీద పగిలింది. సగం అతని మీద, మిగతా సగం మామయ్య మీద. అతను మూలిగాడు కానీ మాట్లాడలేదు. మాట్లాడకూడదని జాగ్రత్త పడుతున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. నా మీద పడి, మోకాలు నా పొట్టలో గుచ్చి, రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. బొటనవేళ్లు సరిగ్గా ఎక్కడ నొక్కాలో తెలిసిన పట్టు. ఆపరేషన్ గదిలో వేసుకున్న టోపీ, మాస్కు ఇంకా నా మొహం మీదే ఉన్నాయి. గదిలో వెలుతురు అంచుల నుంచి నల్లబడుతోంది. నేను అతని ఎడమ బొటనవేలు నోట్లోకి లాక్కుని మాస్కు మీంచే కొరికాను. పళ్లకి ఎముక తగిలింది. వదల్లేదు. అతను చెయ్యి విదిల్చిన ఊపుకి నా మాస్కూ టోపీ ఊడిపోయి జుట్టు మొహం మీద పడింది.

అంతే, గొంతు మీది చేతులు ఆగిపోయాయి.

అద్దాల వెనక కళ్లు కనపడటం లేదు, ద్రావణం పడి మసకబారాయి. అతను నా మీంచి లేచాడు. ఒక్క క్షణం నిలబడ్డాడు, రెండు చేతులూ ఛాతీ ఎత్తున పట్టుకుని. తర్వాత వెనక్కి తిరిగి, వీపుతో తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

మామయ్య దగ్గరికి పాకాను. ఊపిరి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. పొట్ట కింద చెయ్యి నొక్కుకుని ఉన్నాడు. ఆ చేతిలో ఒక ప్యాచ్ కవరు, సీలు చెక్కుచెదరలేదు. దాన్ని నా వైపు నెట్టి, "పాప," అన్నాడు. ఇంకేదో అనబోతే నోట్లోంచి రక్తం వచ్చింది.

కవరు మీద తేదీ లేదు. నేను పగలగొట్టిన సీసాలోని ద్రావణమే సిరా కడిగేసింది.

వేలాడుతున్న ఫోనందుకుని సెక్యూరిటీని పిలిచాను. వాళ్ల అడుగులు వినపడగానే పైకి పరుగెత్తాను. విరిగిన భుజం మెట్టు మెట్టుకీ లోపల కత్తిలా తిరిగింది.

నేను ఆపరేషన్ గదిలోకి వచ్చేసరికి పంపు ఆవిడ "అరవై ఏడు" అంటోంది. నర్సక్క నా మెడ చూసి నోరు తెరిచింది.

"తర్వాతక్కా," అన్నాను.

అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. అన్నయ్య చేతులు కడుక్కునే గదిలోంచి వస్తున్నాడు. రెండు చేతులూ ఛాతీ ఎత్తున పట్టుకుని, నీళ్లు మోచేతుల నుంచి కారుతుంటే, దేనికీ చెయ్యి తగలకుండా వీపుతో తలుపు తోసుకుని.

మా ల్యాబ్‌లో తలుపుని ఎవరూ వీపుతో తొయ్యరు. గోడకి కాలి మీట ఉంది, తొక్కితే తెరుచుకుంటుంది. ఎంత తొందరలో ఉన్నా అందరి కాలూ దాని మీదికే పోతుంది. వీపుతో తోసేది ఇక్కడ, చేతులు కడుక్కున్నవాళ్లు. ఈ పూట చేతులు కడుక్కున్నది ముగ్గురే. డాక్టరు గారూ నర్సక్కా బల్ల దగ్గర నుంచి కదల్లేదు.

నర్సక్క వాడికి గౌను వేసి, గ్లవ్ తొడగబోయింది. వాడు ఎడమ చేతికి రెండు గ్లవ్‌లు అడిగాడు.

"ప్యాచ్," అన్నారు డాక్టరు.

"ఒకటే ఉంది సర్. తేదీ చెరిగిపోయింది. బుధవారం నేసిన రేకుదైతే, అది పూర్తిగా ఆరింది, ఆగుతుంది. గురువారందైతే ఇందాకటిలాగే చిరుగుతుంది."

"లాగి చూడొచ్చుగా?"

"చూడాలంటే ముక్క కొయ్యాలి సర్. సరిగ్గా రంధ్రానికి సరిపడేంతే ఉంది."

"డెబ్భై," అంది పంపు ఆవిడ.

డాక్టరు గారు మొదటిసారి తలెత్తి నన్ను చూశారు. "ఇంకో కుట్టు చిరిగితే ఈ పాప బల్ల మీంచి లేవదు. వెయ్యనా, వద్దా? నువ్వే చెప్పాలి."

నాకు తెలియదు. ఆ గదిలో తెలిసినవాడు ఒక్కడే. ఏ రేకు ఎన్ని గంటలకి ఆపాడో, ఏ కవర్లు చించాడో, ఎన్ని మిగిల్చాడో వాడికే తెలుసు. వాడు మాట్లాడకపోతే పాప పోతుంది. మాట్లాడితే వాడు పోతాడు.

నేను బల్ల దగ్గరికి వెళ్లి వాడికి ఎదురుగా నిలబడ్డాను. నా మెడ మీది వేళ్ల గుర్తులు వాడికి కనపడేలా.

"అన్నయ్యా," అన్నాను. "నువ్వు చెప్పు. వెయ్యొచ్చా?"

మాస్కు పైన వాడి కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. కనుబొమ్మ పక్కన గాజు గీసిన సన్నటి గీత. వాడు నన్ను చూడలేదు, పాపని చూశాడు.

"డెబ్భై రెండు."

"వేసెయ్యండి సర్," అన్నాడు. "అది బుధవారంది. గురువారంవి ఆరు. ఒకటి ఇందాక చిరిగింది. కింద ఐదూ... ఇప్పుడు లేవు."

డాక్టరు గారి చెయ్యి గాలిలో ఆగింది. ఒక్క ఊపిరి పీల్చేంతసేపు. ఆయన మూర్ఖుడు కాదు. కానీ ఆయనకి ఆ నిమిషంలో ఇంకో జత చేతులు కావాలి, ఆ చేతులు వాడివే.

"దారం పట్టుకో," అన్నారు.

వాడు పట్టుకున్నాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మొదటి కుట్టు. రెండోది. వాడి ఎడమ బొటనవేలి దగ్గర గ్లవ్ లోపల ఎరుపు నిండుతోంది. పైగ్లవ్ తెగితే పాప గుండెలో పడేది అదే. నేను నోరు తెరవలేదు. తెరిస్తే వాడి చెయ్యి వణుకుతుంది. ఆరో కుట్టు. డాక్టరు గారు బిగించారు. అంచు నిలబడింది. పన్నెండు. పద్దెనిమిది.

"ఎనభై ఆరు," అంది పంపు ఆవిడ.

గుండె మూసి, పెద్ద రక్తనాళానికి బిగించిన క్లాంపు తీశారు. గుండె కదల్లేదు. డాక్టరు గారు వేలితో మెల్లగా తట్టారు, నిద్రపోతున్నవాళ్లని లేపినట్టు. మళ్లీ తట్టారు. ముడుచుకుంది. ఆగింది. మళ్లీ ముడుచుకుంది. తర్వాత ఎవరి సాయమూ అడక్కుండా కొట్టుకోవడం మొదలుపెట్టింది. స్కానింగ్ తెర మీద ప్యాచ్ ప్రతి దెబ్బకీ ఉబ్బి, నిలబడింది.

"దొంగపిల్ల," అంది పంపు ఆవిడ, కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక భుజానికి రాసుకుంటూ. "నా ప్రాణం తీసింది."

గోడ మీది ఫోన్ మోగింది. నేను స్పీకరు నొక్కాను. సెక్యూరిటీ పెద్దాయన.

"మేడమ్, మీ మామయ్య పోయారమ్మా. ఇప్పుడే." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మామయ్య కిందటి నెల ల్యాబ్‌లో పని మానిపించాడే ఒకణ్ని, మీరంతా సన్నోడు అంటారు. వాణ్ని గేటు దగ్గర పట్టుకున్నాం. ఏదో కాగితం కోసం వచ్చానంటాడు. మావాళ్లు ఇప్పటికే రెండు తగిలించారు, మూతి పగిలింది. పోలీసులు వస్తున్నారు. మీరు చూశారుగా, వాడేనని ఒక్క మాట చెప్తే చాలు."

"వాణ్ని కొట్టకండి," అన్నాను. నొక్కుకుపోయిన గొంతులోంచి మాట గీరుకుంటూ వచ్చింది. "వాడు కాదు."

డాక్టరు గారు కత్తెర పళ్లెంలో పెట్టి, నర్సక్క వైపు చూశారు. ఆమె వచ్చి అన్నయ్య చేతిలోంచి దారం మెల్లగా తీసుకుంది. వాడు ఇచ్చేశాడు. చేతులు రెండూ ఛాతీ ఎత్తున పట్టుకుని నిలబడ్డాడు.

"మరి ఎవరమ్మా?" అన్నాడు స్పీకర్లోంచి పెద్దాయన. "మొహం చూశారా?"

"మొహం చూడలేదు."

"మరి?"

"మామయ్యని చంపింది మా అన్నయ్య," అన్నాను. "ఇక్కడే ఉన్నాడు, పైకి రండి."