గుమ్మపాలు

ఏ ఆసుపత్రికి పోయినా మొదటి ప్రశ్న ఒకటే. "ఏం పని చేస్తావు?"

ఓబలప్ప జవాబూ ఒకటే. "అండర్‌గ్రౌండు సార్. చాంపియన్ రీఫ్స్."

ఆ బంగారు గని మూతపడి ఏళ్ళు గడిచాయి. గనిలోకి దించే షాఫ్టు మీది పెద్ద చక్రం తుప్పు పట్టి ఆగిపోయింది. అయినా ఓబలప్ప ఆ మాటను ఇప్పుడే షిఫ్టు దిగి వచ్చినవాడిలా చెప్పేవాడు. వంగిన నడుము ఆ ఒక్క మాటకు కాస్త నిటారయ్యేది. ఇంకేముంది, డాక్టరు చేయి తిన్నగా ఎక్స్‌రే చీటీ మీదికి పోయేది. ఫోటోలో మచ్చలు కనబడేవి. కనబడక ఎక్కడికి పోతాయి? గనివాళ్ళ ఇళ్ళ వరసల్లో, ఆ లైన్లలో, గనిలో దిగిన ఏ ముసలివాణ్ణి పట్టుకుని ఫోటో తీసినా మచ్చలే. "డస్టు, రాతిదుమ్ము ఊపిరితిత్తులకు పట్టింది" అని ఒకరు, "డస్టు మీద టీబీ కూడా తగులుకున్నట్టుంది" అని ఇంకొకరు. కళ్ళెలో ఏమీ దొరకలేదు గానీ, దొరకనంత మాత్రాన లేదనుకోవడానికి లేదని టీబీ మాత్రలు మొదలుపెట్టారు. మొదట్లో కాస్త తేరుకున్నట్టే అనిపించింది. తర్వాత మళ్ళీ మొదటికే వచ్చింది.

సొన్నమ్మ ప్రతిసారీ గది బయట సంచి పట్టుకుని నిలబడేది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగినా కొత్తగా చెప్పేదేముంది? మొగుడి మాటే తన మాట. డస్టు. ఆ వరసలో దగ్గుతో మంచం పట్టినవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు పోయారు. మంచం ఎక్కినవాడు దిగి నడిచింది ఆమె చూడలేదు. ఇప్పుడు తన ఇంటి వంతు వచ్చిందని ఆమె గుండెలో రాయి పడి చాలా కాలమైంది.

సాయంత్రం వీధి దీపాలు వెలిగే వేళకు ఓబలప్పకు వణుకు మొదలయ్యేది. దుప్పటి మీద దుప్పటి కప్పాలి. కాసేపటికి ఒళ్ళంతా చెమట, చాప పిండితే నీళ్ళు కారేటట్టు. తెల్లారేసరికి జ్వరం ఎక్కడికి పోయేదో పోయేది, నడుము నొప్పి మాత్రం పోయేది కాదు. మనిషి ఎండిపోయి గూడలు పొడుచుకొచ్చాయి. మొగుణ్ణి మోస్తూ, ఆవును సాకుతూ, వీధి కొళాయి దగ్గర బిందెలతో పోట్లాడుతూ సొన్నమ్మ ఒళ్ళు హూనమైపోయింది. సాయంత్రం అయితే ఆమెకూ ఒళ్ళు వెచ్చబడేది, కీళ్ళు పట్టేసేవి, వెన్ను రెండుగా విరుగుతున్నట్టుండేది. ఆమె దానికి పెట్టుకున్న పేరు సుస్తు, ఒట్టి అలసట. పని చేసే ఆడదానికి సుస్తు రాక ఇంకేం వస్తుంది? పట్టించుకోవడానికి తీరిక ఉంటే కదా.

ఆవు అంటే నంగలి నుంచి ఆమె తమ్ముడు సీనప్ప తోలుకొచ్చి ఇచ్చిన సీమావు. ఇంటి ముందు రేకుల కింద కట్టేసేది. ఆ ఇల్లు నడిచేది దాని పొదుగు మీదే. పొద్దున్నే పాలు పిండగానే, నురుగు చావకముందే, ఒక స్టీలు లోటా ఓబలప్పకు అందాలి. గుమ్మపాలు. కాచకూడదు, చల్లారకూడదు. పొదుగులోని వెచ్చదనంతోనే గొంతు దిగితే ఊపిరితిత్తుల్లో డస్టును కడిగేస్తాయని గనివాళ్ళ నమ్మకం. కాచితే ఆ బలం పోతుందట. ఈ వైద్యం ఎవడు మొదలుపెట్టాడో దేవుడికే తెలియాలి. పక్కింటి చౌడప్ప కూడా, ఆయనా పాత గనిమనిషే, సొంత లోటా పట్టుకుని రోజూ హాజరు.

"సొన్నక్కా, నీ ఆవు పాలే నన్నింగా నిలబెట్టిండేది" అనేవాడు చౌడప్ప, మూతికంటిన నురుగు తుడుచుకుంటూ.

సొన్నమ్మకు ఆ మాట వింటే ప్రాణం లేచి వచ్చేది. డాక్టర్ల మందు పనిచేయకపోయినా తన చేతి పాలైనా పనిచేస్తున్నాయి కదా అనుకునేది.

అంతకు ముందు ఒకసారి ఆ ఆవు ఏడో నెలలోనే ఈసుకుపోయింది. చచ్చిన దూడ పడింది, మాయ మాత్రం లోపలే నిలిచిపోయింది. సొన్నమ్మ చీర ఎగజెక్కి, మోచేతి దాకా చేయి పెట్టి లాగేసింది. పుట్టింట్లో అమ్మ చేయడం చూసిందే. ఎండ దెబ్బనో, ఎవరి దిష్టో అనుకుని ఊరుకున్నారు. దూడ లేకపోయినా ఆవు పాలకు దిగింది, అదే చాలనుకున్నారు. మరుసటేడు మళ్ళీ చూలు కట్టింది. మళ్ళీ అదే నెలలో, అదే తంతు.

ఈసారి చౌడప్ప పోయి పశువుల డాక్టరు వెంకటేశప్పను పిలుచుకొచ్చాడు. డాక్టరు బండి దిగేసరికి సొన్నమ్మ చేయి మోచేతి దాకా ఆవు లోపల ఉంది.

"చెయ్యి తియ్యమ్మా!" అని అరిచాడు ఆయన. "ఒట్టి చేత్తోనా?"

"పోయినేడు కూడా ఇట్లనే తీసినాను సార్. ఏం కాలేదు."

ఆయన మోచేతులు దాటే తొడుగులు వేసుకుని మిగతా పని తానే చేశాడు. మాయను, దూడను లోతుగా గొయ్యి తవ్వించి సున్నం పోసి పూడ్పించాడు. ఆవు మెడలో నుంచి రక్తం తీసి సీసాలో పట్టాడు. సొన్నమ్మ చేతుల మీద సబ్బు నీళ్ళు పోస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగాడు.

"ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తా పోతా ఉండాదా?"

"మా ఇంటాయనకి ఉండాది సార్. అది డస్టులే. అండర్‌గ్రౌండు మనిషి."

"డస్టుకు దగ్గు వస్తుంది, ఆయాసం వస్తుంది. దినామూ సాయంత్రం చలీ, చెమటలూ యాడన్నా వస్తాయామ్మా? నడుము నొప్పి ఉందా?"

సొన్నమ్మ తలూపింది.

"పాలు కాచే తాగుతారు కదా?"

ఆమె చూపు గూట్లో బోర్లించిన లోటా మీదికి పోయింది. ఆయన కూడా అటే చూశాడు. ఇది ఆవు నుంచి మనిషికి వచ్చే జబ్బు కావచ్చని, పచ్చిపాలల్లో వస్తుందని, ఈనేటప్పుడు ముట్టుకున్నా వస్తుందని నిదానంగా చెప్పాడు. బ్రూసెల్లా అని పేరు కూడా చెప్పాడు. మనిషికైతే మందుంది. ఆవుకు లేదు. రక్తంలో తేలితే ఆ ఆవును సంతకు మాత్రం తోలొద్దని, తోలితే రోగాన్ని ఇంకొకరి గడపలో కట్టేసినట్టేనని చెప్పి బండెక్కాడు. కొద్దిరోజుల్లో కబురు వచ్చింది. ఆవు రక్తంలో తేలింది.

తన చేత్తో! రోజూ తన చేత్తో, చల్లారిపోతాయేమోనని పరుగెత్తి మరీ ఇచ్చింది కదా! సొన్నమ్మ ఆ పూట అన్నం ముందు కూచుని ముద్ద ఎత్తలేకపోయింది.

ఓబలప్పకు చెబితే మనిషి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఆవు రోగమా, నాకా? ఏమే, నేను గొడ్లు కాసేవాణ్ణా? ముప్పై ఏండ్లు భూమి లోపల రాయి కొట్టిండేవాణ్ణి. నన్ను తినిండేది గని. ఊరంతా తెలుసు."

"రక్తం చూపించుకుంటే ఏం పోయిందయ్యా నీకు?"

"నగుతారు. ఓబలప్పకు గొడ్డు జబ్బంట అని లైనంతా నగుతారు. నేనింగ యాడికీ రాను. చస్తే డస్టుతోనే చస్తాను."

చూశారా ఈ మనిషి పంతం? చావుకు కూడా పరువు కావాలి. గని మింగిందంటే గౌరవం, ఆవు కరిచిందంటే అవమానం! ఎన్నడూ గొంతు పెంచని సొన్నమ్మకు ఆ మాటతో ఒళ్ళు మండిపోయింది. చేతిలోని చేట నేలకేసి కొట్టింది.

"నీ గని మూతపడిపోయిందయ్యా! అది నిన్ను తినేది ఎప్పుడో చాలించింది. నీతో పాటు దిగినోళ్ళంతా పోయినారు, వాళ్ళకు ఇంగో దారి లేదు. నీకు మందు ఉండాదని ఆయప్ప ఇంటికొచ్చి చెప్పినాడు. మందు పెట్టుకొని చస్తానంటావే, నా గతేమి? నాకింగ శక్తి లేదు. నిజంగా లేదు."

చివరి మాట చెబుతూ గోడకు చేరగిలబడిపోయింది. ఓబలప్ప మర్నాడు పొద్దున లేచి, అడగకుండానే చొక్కా తొడుక్కున్నాడు.

కోలారు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ. ముందు వరుస, వెనక వరుస, గదంతా జనం. "ఏం పని చేస్తావు?" అని అడిగింది. ఓబలప్ప నోరు తెరిచాడు. ఈసారి సొన్నమ్మ గుమ్మం బయట ఆగలేదు, లోపలికి వచ్చేసింది.

"గని మూతపడి శానా ఏండ్లయింది తల్లీ. ఇంట్లో ఆవు ఉండాది. రెండు తూర్లు ఈసుకుపోయింది. దాని పచ్చిపాలు తాగినాడు ఈయప్ప. దాని రక్తంలో ఏదో రోగం ఉందని పశువుల డాక్టరు చెప్పినాడు."

డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తింది. "ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు ఓబలప్ప. నిజమే, ఎవరూ అడగలేదు. అడగనివ్వలేదు కూడా.

రక్తం తీశారు. అదే తేలింది. ఊపిరితిత్తుల్లో డస్టు మచ్చలు ఉన్నమాట నిజమేగానీ జ్వరానికి కారణం అవి కావు. ఇంతకు ముందు వేసుకున్న టీబీ మాత్రల్లో ఒకటి దీనికీ పనికొచ్చేదేనట, అందుకే మొదట్లో కాస్త తేరుకున్నాడట. ఈసారి వేరే మాత్రలతో కలిపి, సూదులతో సహా, పూర్తయ్యేదాకా మానకుండా వాడమని చెప్పింది. మధ్యలో మానేస్తే మళ్ళీ వస్తుందని గట్టిగా హెచ్చరించింది.

"నువ్వెట్లా ఉన్నావమ్మా? నువ్వూ చూపించుకోవాలి."

"నాకేం తల్లీ. సుస్తు, అంతే. ఆయన్ను చూడు చాలు."

వెనక నుంచి ఎవరో బిడ్డను ఎత్తుకుని తోసుకొచ్చారు. డాక్టరమ్మ అటు తిరిగింది. సొన్నమ్మ సంచి సర్దుకుని బయటికి వచ్చేసింది. అడిగిన ఒక్క మనిషికీ ఆ వెర్రిది చెప్పిన జవాబు అది!

తర్వాత ఇంట్లో పాలు పొంగితే గానీ గ్లాసులోకి పోలేదు. చౌడప్ప రక్తం చూపించుకుంటే ఏమీ తేలలేదు. "నాది అసలైన డస్టే!" అని లైనంతా చాటుకుని, కాచిన పాలలో బలం లేదని సణుగుతూనే తాగాడు. ఆవును అమ్మలేదు. చూలు కట్టించలేదు. సంత బేరగాడు రెండుసార్లు వచ్చి, రాష్ట్ర సరిహద్దు దాటించేస్తే ఎవడు అడుగుతాడని ఊరించాడు. "ఆడా మనుషులే కదప్పా ఉండేది" అని సొన్నమ్మ పంపించేసింది. పొదుగు ఎండిపోతూ వచ్చినా మేత మాత్రం వేస్తూనే ఉంది.

ఓబలప్పకు మొదట చెమటలు ఆగాయి. తర్వాత జ్వరం ఆగింది. ఒకరోజు తానే లేచి వీధి చివరి దాకా నడిచి, చాయ్ తాగి వచ్చాడు. మంచం దిగి నడిచిన మనిషిని ఆ లైను చాలా ఏళ్ళకు చూసింది. సొన్నమ్మ సంతోషపడింది. పడదా మరి? ఆ సంతోషానికి కూడా లేచి నిలబడే ఓపిక లేక, కూచున్న చోటనే చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

మందుల గడువు తీరాక మళ్ళీ చూపించుకోవడానికి పోయారు. ఈసారి సంచి ఓబలప్ప చేతిలో ఉంది. బస్సు దిగి ఆసుపత్రి మెట్ల దాకా వచ్చేసరికి సొన్నమ్మ వెనకబడింది. అతను ఆగి చూశాడు. ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది, ఒక్కో అడుగూ లెక్కపెట్టుకున్నట్టు. ఇదివరకు ఇలా నడిచిన మనిషి తానే. ఆ నడక ఏమిటో అతనికి తెలుసు.

డాక్టరమ్మ ఓబలప్పను చూసి బాగుందంది. లేచి వచ్చేయబోతే సొన్నమ్మ బల్ల మీది నుంచి లేవలేకపోయింది. రెండోసారి ప్రయత్నించి మళ్ళీ కూచుండిపోయింది.

"ఏమైందమ్మా?" డాక్టరమ్మ ఆమె నుదుటి మీద చేయి వేసింది. "ఒళ్ళు కాలుతోంది కదా. ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమో తల్లీ. ఎప్పుడూ ఇంతే కదా ఉండేది. సుస్తు."

డాక్టరమ్మ కొత్త చీటీ తీసుకుంది. "ఏం పని చేస్తావు?"

"పనేముంది తల్లీ. ఇంట్లోనే ఉంటాను."

"అట్ల రాసుకోవద్దమ్మా" అన్నాడు ఓబలప్ప.

అతను సంచి కింద పెట్టి ముందుకు జరిగాడు.

"ఆవుకు మేతేసేది ఈమె. పాలు పిండేది ఈమె. దూడ చచ్చి పడితే చెయ్యి పెట్టి మాయ లాగింది ఈమె. రెండు తూర్లూ ఈమే. నేను పచ్చిపాలు తాగినాను, అంతే. రోగంలో చెయ్యి పెట్టిండేది ఈమె. నేను మంచం మీద కూచోని డస్టు డస్టు అంటా ఉన్నాను. ఈమెకు జ్వరం ఎప్పుడు వచ్చిందో నాకు తెలీదమ్మా. ఒక్క దినం కూడా అడగలేదు."

సొన్నమ్మ తల వంచుకుంది. ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు.

రక్తం తీసే గదిలో నర్సుకు ఓబలప్ప పాత గిరాకీ. చూడగానే అలవాటుగా అతని చొక్కా చేయి పైకి మడవబోయింది.

"నాకు కాదమ్మా" అన్నాడతను, పక్కకు జరిగి. "ఈమెకి."